ఫీజు లేని చదువు కూడా ఎందుకు ఆగిపోతుంది?

ఫిలిప్పీన్స్‌లో 2017 చట్టం వచ్చాక ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు. మరి దాతల స్కాలర్‌షిప్ దేనికంటే, జీప్నీ (అక్కడ జనం ఎక్కే చిన్న బస్సులాంటి బండి) చార్జీకి, గది అద్దెకి, అన్నానికి. 2023 అక్టోబర్‌లో పాత జీప్నీ కనీస చార్జీ 13 పెసోలైంది. విద్యార్థికిచ్చే 20 శాతం రాయితీ పోను 10 పైచిలుకు. రెండు బళ్లు మారాల్సి వస్తే రానుపోను 40 దాటుతుంది, నెలలో 22 రోజులకి 900 పైనే. పేద ఇంట్లో అది బియ్యం డబ్బు!

దరఖాస్తుకి సాధారణంగా మార్కుల కార్డు, జనన ధ్రువపత్రం, బరంగాయ్ (మన పంచాయతీ లాంటిది) ఇచ్చే పేదరిక పత్రం అడుగుతారు. తలనొప్పి జనన పత్రంతోనే. స్కూల్ రికార్డులో ఒకలా, అందులో ఒకలా పేరుంటే ఫైలు అక్కడే ఆగుతుంది. అక్షరదోషమైతే కోర్టుకెక్కక్కర్లేదు, 2001 చట్టం కింద స్థానిక సివిల్ రిజిస్ట్రార్ దగ్గరే దిద్దించుకోవచ్చు, నిరుపేదలకి రుసుం మినహాయింపు కూడా ఉంది. కాకపోతే టైం పడుతుంది, గడువు ముంచుకొచ్చాక పరిగెడితే లాభం లేదు.

దాతలూ ఒకటి మర్చిపోతుంటారు: నర్సింగ్, టీచర్ కోర్సులకి డిగ్రీ పట్టా చాలదు, లైసెన్స్ పరీక్ష ఉంటుంది. దాని కోచింగ్ ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోవాలి.