కంట్రీ పాటతో నాష్‌విల్‌లో మూడేళ్ళు

బార్లో పాడుతున్నానని మొదటిసారి ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాగేవాళ్ళ మధ్య పాడటానికేనటే నీకు ఎనిమిదేళ్ళు సంగీతం చెప్పించింది?" అంది. నేను మధ్యాహ్నం షిఫ్టని చెప్పాను, అదేదో గుడిలో ప్రాతఃకాల సేవ అన్నంత గౌరవంగా. అమ్మ నమ్మలేదు.

మాది తెనాలి. 2009లో ఎమ్మెస్ చదవడానికి టెనెస్సీ వచ్చాను. నాష్‌విల్ అంటే బయటివాళ్ళకు సంగీతం గుర్తొస్తుంది గానీ ఇక్కడ మనవాళ్ళకు తిండి పెట్టేది ఆసుపత్రుల వ్యాపారం. నా ఉద్యోగమూ ఆసుపత్రి బిల్లుల సాఫ్ట్‌వేర్ పరీక్షించడమే, ఈనాటికీ అదే. కంట్రీ పాట, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాట, నాకు అంటుకున్నది కారులో. పాత కారు, అందులో ఏఎం రేడియో తప్ప ఏదీ సరిగా పనిచేసేది కాదు. 650 దగ్గర డబ్ల్యూఎస్ఎం పలికేది. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పేరుమోసిన కంట్రీ పాటల కార్యక్రమం 1925లో మొదలైంది ఆ స్టేషన్లోనేనని అప్పటికి నాకు తెలియదు. వింటుంటే మూడు నిమిషాల్లో ఒక మనిషి ఇల్లు, అప్పు, పెళ్ళి, చావు అన్నీ వచ్చిపోయేవి. వెనక పెడల్ స్టీల్ గిటారు ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి జారుతుంటే మా టీచరుగారి వీణ గుర్తొచ్చేది. గిటారు కొన్నాను. రాత్రిళ్ళు పాడుకున్నాను. ఏళ్ళు గడిచాయి.

ఏళ్ళు ఊరికే గడవలేదు, వీసా మీద గడిచాయి. హెచ్1బి మీద ఉన్నవారు తమను తెచ్చుకున్న కంపెనీలో తప్ప ఇంకెక్కడా సంపాదించకూడదు. లాయరును అడిగితే, ఊరికే పాడి వచ్చేయడం వేరు, డబ్బు ముట్టుకోవడం వేరు అన్నారు. అందుకని పాడిన చోటల్లా ఎవరైనా అయిదు డాలర్ల నోటు చాపితే దండం పెట్టి వెనక్కి ఇచ్చేదాన్ని. జనం నన్ను కోటీశ్వరురాలినని అనుకుని ఉంటారు. 2012లో వేసిన గ్రీన్ కార్డు దరఖాస్తుకు 2022 జనవరిలో కార్డు వచ్చింది. వర్ధమాన గాయని అని నన్ను మొదటిసారి ఎవరో పరిచయం చేసేటప్పటికి నా జుట్టుకు రంగు వేయడం మొదలుపెట్టి రెండేళ్ళయింది.

మొదట బ్లూబర్డ్ కేఫ్ గురించి చెప్పాలి. గ్రీన్ హిల్స్‌లో చిన్న దుకాణాల వరసలో ఉంటుంది, గుర్తు పట్టకపోతే దాటిపోతాం. 1982లో తెరిచారు. 90 మంది కూర్చుంటే నిండిపోతుంది. పాట నడుస్తుండగా ఎవరైనా మాట్లాడితే 'ష్' అంటారు. గార్త్ బ్రూక్స్, టేలర్ స్విఫ్ట్ లాంటివాళ్ళు కొత్తలో పాడిన గది అది. సోమవారం రాత్రి ఎవరైనా పాడవచ్చు, కానీ సొంత పాటే పాడాలి. నా వంతు వచ్చేసరికి కేపోను, అంటే శ్రుతి పెంచడానికి గిటారు మెడకు పెట్టే క్లిప్పును, ఒక మెట్టు తప్పు చోట బిగించి, పై స్థాయిలో మొదలుపెట్టి, చరణంలో గొంతు అందక ఆగిపోయాను. గది నిశ్శబ్దంగా ఉంది. బార్లో అయితే ఆ గోలలో కలిసిపోయేది. ఇక్కడ కేపో విప్పుతున్న స్ప్రింగు చప్పుడు కూడా వినిపించింది. మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశాను. చప్పట్లు కొట్టారు, జాలి ఎంతో మెప్పు ఎంతో విడదీయలేదు.

తర్వాత ఎనిమిది నెలలు లోయర్ బ్రాడ్‌వేలో పాడాను. అక్కడి బార్లలో పాట వినడానికి టికెట్ ఉండదు. షిఫ్టు నాలుగు గంటలు. బారువాళ్ళు ఇచ్చే కొద్దిపాటి కూలి, ఆపైన జనం వేసే టిప్పులు. బ్యాండులో అందరూ సమంగా పంచుకుంటారు. పాటల మధ్యలో బకెట్ పట్టుకుని జనంలోకి వెళ్ళాలి, ఆ పని సాధారణంగా గాయనికే వస్తుంది. మొదటి రోజు బకెట్ చేతికిస్తే నా కాళ్ళు కదలలేదు. చిన్నప్పుడు మా వీధిలోకి వచ్చే హరిదాసు అక్షయపాత్ర గుర్తొచ్చింది. ఆయనకైతే ఆ పాత్ర తల మీద ఉండేది, చెయ్యి చాపే అవసరం లేకుండా. అందరికీ తెలిసిన పాత పాటలే పాడాలి. నా సొంత పాట ఒకటి మధ్యలో దూర్చినప్పుడల్లా ఒక బల్ల ఖాళీ అయ్యేది. గొంతు గట్టిపడింది, యాభై పాటలు నోటికి వచ్చాయి, పార్కింగ్ ఖర్చు పోను చేతికి మిగిలింది తక్కువ.

నన్ను పాటలు రాయడం వైపు తిప్పింది మాత్రం ఒక లెక్క. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రాసినవారికి, పాట హక్కులు చూసే పబ్లిషరుకు డబ్బు వస్తుంది. పాడినవారికి ఒక్క పైసా రాదు. ఇంటర్నెట్ రేడియోలో, ఉపగ్రహ రేడియోలో పాడినవారికి వాటా ఉంది, అది సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ ద్వారా వస్తుంది. ఎఫ్ఎంలో మాత్రం గొంతు ఉచితం. ఇది తెలిసిన రాత్రి కోపంతో నిద్ర పట్టలేదు. పొద్దున లేచి, పాట రాసినవారికి రావలసిన డబ్బు వసూలు చేసిపెట్టే బీఎంఐ అనే సంస్థలో రచయిత్రిగా పేరు నమోదు చేసుకున్నాను. ఇలాంటి సంస్థలు యాస్కాప్, సెసాక్ అని మరికొన్ని ఉన్నాయి. ఒకసారికి ఒకదానిలోనే ఉండాలి.

ఇక్కడ పాటలు ఒంటరిగా రాయరు. ఉద్యోగానికి వెళ్ళినట్టు పొద్దున పదిన్నరకో పదకొండుకో ఇద్దరు ముగ్గురు ఒక గదిలో కూర్చుంటారు, ఆ పూటకు పాట పూర్తి చేసి లేస్తారు. వాటాలు సమానం. ఎవరు ఎన్ని మాటలు ఇచ్చారని లెక్కపెట్టరు. నా మొదటి ముగ్గురి కూటమిలో నేను రెండు గంటలు నోరు విప్పలేదు. కంట్రీ పాటల్లో వచ్చే పికప్ ట్రక్కుల గురించి నాకేం తెలుసు? కెంటకీ నుంచి వచ్చిన ఆవిడ విసుగొచ్చి, "నీ సంచీలో ఏముందో తీయి" అంది. తీశాను. మందుబిళ్ళలు, బ్యాడ్జి, ఒక ఇత్తడి తాళంచెవి. తెనాలి ఇంటిది. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. తాళంచెవి తులసికోట వెనక గూట్లో ఉండేది, నేను వచ్చేటప్పుడు తెచ్చేసుకున్నాను. ఆవిడ దాన్ని కాసేపు అరచేతిలో బరువు చూసి, తమ అమ్మమ్మ తాళంచెవిని జెరేనియం పూలకుండీ కింద పెట్టేదని చెప్పింది. పన్నెండున్నరకల్లా పల్లవి వచ్చింది. తులసికోట జెరేనియం కుండీగా మారింది. నేను పోట్లాడాను, ఓడిపోయాను. ఇప్పటికీ పాడేటప్పుడు ఆ మాట దగ్గర నాకు తులసికోటే కనిపిస్తుంది.

ఆ పాట డెమో, అంటే ఇతరులకు వినిపించే నమూనా, రికార్డు చేసిన రోజు నా మూడేళ్ళలోకెల్లా మంచి రోజు. మూడు గంటల సెషన్, నాలుగు పాటలు. వాయించేవాళ్ళు ఫోనులో నేను పాడి పెట్టుకున్న ముడి పాటను ఒక్కసారి విన్నారు. వింటూనే కాగితం మీద ఒక్కో కార్డుకు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తికి, ఒక్కో అంకె వేశారు: 1, 4, 1, 5. మైనరు కార్డు పక్కన చిన్న గీత, ఒక్క దెబ్బ వేసి మోగనివ్వాల్సిన చోట అంకె చుట్టూ వజ్రం గుర్తు. దీన్ని నాష్‌విల్ నంబర్ సిస్టమ్ అంటారు. 1950ల చివర్లో జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టాడు. నేను చూసి నవ్వేశాను. ఒకటి అంటే స, నాలుగు అంటే మ, అయిదు అంటే ప. శంకరాభరణం కాగితం మీద లెక్కల పుస్తకంలా పడుకుని ఉంది. రెండో సారి పాడుతుంటే గొంతు ఇంకా పైకి అడిగింది. నేను పాడుతున్నది జి, అంటే మన అయిదు శ్రుతి. ఆరుకు, అంటే ఎ కి మార్చగలరా అని అడిగాను. ఎవరూ కాగితం ముట్టుకోలేదు. శ్రుతి మారితే స, మ, ప మారవు కదా. టీచరుగారు శ్రుతిపెట్టె మెట్టు మార్చినట్టు మార్చి వాయించేశారు. నన్ను తికమక పెట్టింది ఒక్కటే: ఎవరైనా 'ఫైవ్' అని అరిస్తే నా బుర్ర పంచమానికి కాకుండా అయిదు శ్రుతికి పోయేది.

గమకం దగ్గర మాత్రం చీవాట్లు తిన్నాను. పాదం చివర ప్రతి స్వరాన్నీ ఊపుతున్నానట. "అది స్టీల్ గిటారు పని, దానికి వదిలెయ్యి" అన్నాడు వాయిస్తున్నాయన. వదిలేశాను, ఒక్క చోట తప్ప.

డెమోకు ఒక్కో పాటకు 800 డాలర్లు అయ్యాయి. అంతకుముందే 600 డాలర్లు నీళ్ళపాలయ్యాయి. పెద్ద గాయకుల దగ్గరికి నా పాట చేరుస్తానని ఒకాయన తీసుకుని, రెండు ఈమెయిళ్ళ తర్వాత మాయమయ్యాడు. పాట నచ్చిన పబ్లిషరు రచయిత దగ్గర డబ్బు అడగడని, రాబోయే ఆదాయంలో వాటా తీసుకుంటాడని ఈ ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. నేను ఎవరినీ అడగలేదు, అడిగితే చులకన అనుకున్నాను.

రేడియో ఆశ నాకు పెద్దగా లేదు. 2015లో ఒక రేడియో సలహాదారు, కంట్రీ రేడియో ఒక సలాడ్ అయితే మగ గాయకులు ఆకుకూర, ఆడవాళ్ళు పైన వేసే టమాటాలు అన్నాడు. వరసగా ఇద్దరు ఆడవాళ్ళ పాటలు వేయవద్దని దాని సారాంశం. టమాటా పప్పు తినని మనిషి మాట అది.

ప్రస్తుతం నెలకు రెండు మూడు రౌండ్లు దొరుకుతున్నాయి. రౌండు అంటే నలుగురం పక్కపక్కనే కూర్చుని వంతులవారీగా ఒక్కో పాట పాడటం, పాట వెనక కథ చెప్పడం. అన్నట్టు, బీఎంఐ లైసెన్సు ఉన్న చోట సొంత పాట పాడితే, ఏ రోజు ఏ పాటలు పాడామో జాబితా పంపితే బీఎంఐ దానికీ డబ్బు ఇస్తుంది. ఏడాది పాటు ఈ సంగతి తెలియక వదులుకున్నాను. తెలిశాక పంపాను. కొన్ని నెలలకు నా ఖాతాలో 4 డాలర్ల 17 సెంట్లు పడ్డాయి. రాసిన పాటకు వచ్చిన మొదటి డబ్బు.

అమ్మకు ఫోను చేశాను. రూపాయల్లో ఎంత అని అడిగింది. చెప్పాను. లెక్క వేసుకుంటున్నట్టు ఆగి, "కారు పెట్టుకోవడానికి అక్కడ ఎంత తీసుకుంటారన్నావు?" అంది.

అది చెప్పలేదు. వచ్చే మంగళవారం రౌండుకు కాస్త దూరంగా, ఉచితంగా పెట్టుకోగల వీధి ఒకటి చూసి ఉంచాను.