పేతురు నడిచిన వరసలో పవిత్ర దేశం

పవిత్ర దేశ యాత్ర ప్యాకేజీలు సాధారణంగా బస్సు వీలును బట్టి తయారవుతాయి. ఈజిప్టు మీదుగా వెళ్లే బృందం తాబా సరిహద్దు దాటి బేత్లెహేము, యెరూషలేము చూసుకుని, చివర్లో గలిలయకు వెళ్లి, జోర్డాను దాటి అమ్మాన్‌లో విమానం ఎక్కుతుంది. అంటే సిలువ ముందు, పిలుపు తర్వాత. మేం ఆ వరస మార్పించుకుని యేసు శిష్యుడైన పేతురు వెనకాలే వెళ్లాం. వల వదిలిన చోటు, సిలువ మాట విన్న చోటు, ఎరగనని బొంకిన చోటు, మళ్లీ పిలుపు అందుకున్న చోటు. శిష్యుడికి ఏం ఖర్చవుతుందో తెలియాలంటే ఇదే దారి.

ముందు డబ్బు సంగతి. గోపురం కట్టేవాడు కూర్చుని తగులుబడి లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఈ యాత్ర సాయాన్ని ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేల రూపాయలకు, మిగతావారికి 20 వేల నుంచి 30 వేలకు పెంచింది. ఇలాంటివి మారుతుంటాయి కాబట్టి ఇప్పుడు ఏ ఉత్తర్వు అమల్లో ఉందో కనుక్కోవాలి. ఎంత సాయం వచ్చినా మిగిలింది మన చేతి నుంచే పడుతుంది. గైడుకూ డ్రైవరుకూ రోజు చొప్పున డాలర్లలో ఇచ్చే టిప్పు, మధ్యాహ్న భోజనాలు, సరిహద్దు రుసుములు ప్యాకేజీలో ఉన్నాయో లేదో అడ్వాన్సు కట్టకముందే రాయించుకోవాలి. కొంతమంది వడ్డీకి తెచ్చి మరీ బయల్దేరుతారు. అది వద్దు. మన విశ్వాసంలో ఈ యాత్ర విధి కాదు. తండ్రిని ఆరాధించేది ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు అని సమరయ స్త్రీతో యేసు చెప్పిన మాట యోహాను 4లో ఉండనే ఉంది.

గలిలయలో మొదట చూడాల్సింది గినోసర్ మ్యూజియంలోని పడవ. 1986లో కరవుకు సరస్సు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఇద్దరు అన్నదమ్ముల కంట పడింది. పొడవు 8.2 మీటర్లు, వెడల్పు 2.3. మొదటి శతాబ్దపుది. ఏ శిష్యుడిదో చెప్పే ఆధారం ఏదీ లేదు, గైడు చెప్పినా నమ్మక్కర్లేదు. దగ్గరికెళ్లి దాని చెక్కలు చూడండి. పన్నెండు రకాల కర్రతో అతుకులు వేశారు, కొన్ని పాత పడవల నుంచి పీకి వాడినవి. ఇలా అతికించుకుంటూ ఏళ్ల తరబడి నడుపుకున్న పడవను ఒడ్డున వదిలేసి వెళ్లడమంటే ఇంటిల్లిపాది కూడు వదలడమే. యాకోబు, యోహాను తండ్రిని జీతగాళ్లతో పడవలోనే వదిలి వెళ్లారని మార్కు రాశాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ పని నెత్తిన వేసుకోక తప్పదు. అది జెబెదయి మోసిన ఖర్చు, మన ప్రసంగాల్లో మాత్రం ఆయన ఊసే రాదు.

కపెర్నహూములో నల్ల బసాల్టు రాయి ఇళ్ల పునాదులు, వాటి నడుమ తెల్ల సున్నపురాయి సమాజమందిరం ఉన్నాయి. ఆ తెల్ల మందిరం తర్వాతి కాలానిది. పేతురు ఇల్లని చెప్పే చోటి మీద 1990లో స్తంభాలపై గుడి కట్టారు, నేలలోని అద్దం గుండా కిందికి చూడొచ్చు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. లోపల గొంతెత్తి ప్రార్థన చేయనివ్వరు, చాలా తెలుగు బృందాలకు అక్కడే చిక్కు వస్తుంది. దీనికి మా పద్ధతి ఇది. మర్నాటి వాక్యభాగం ముందు రాత్రి హోటల్లోనే బిగ్గరగా చదువుకుంటాం. స్థలంలో పది నిమిషాలు మౌనం, ఫోన్లు సంచిలో. పొద్దున అయిదింటికి ప్రార్థన, ఏడింటికి బస్సు. మొదటి రెండు రోజులు అందరూ వస్తారు. మూడో రోజుకు కాళ్ల వాపులు, జలుబు మొదలై సగంమంది రారు. సరిహద్దు దాటే రోజైతే ప్రార్థనే ఎగిరిపోతుంది. ప్రతిదినము తన సిలువను ఎత్తుకోవాలన్న లూకా 9:23 అప్పుడు పనికొస్తుంది. ఆ రోజుల్లో అరగంట ప్రార్థనను పది నిమిషాలకు కుదించండి, అంతేగాని మానొద్దు. అలసట తీరాక చేద్దామనుకున్నది ఇంటికొచ్చాకా జరగదు.

ఇక ఫిలిప్పుదైన కైసరయ, ఇప్పటి పేరు బనియాస్. సరస్సు నుంచి ఉత్తరంగా హెర్మోను కొండ పాదం దాకా బస్సులో గంట దారి. టికెట్టు ఉంటుంది. పది రోజుల ప్యాకేజీల్లో తరచూ కోసేసేది దీన్నే. సరిహద్దు పరిస్థితి బాగోకపోతే అటు పోనివ్వరు కూడా. నిలువెత్తు కొండరాతిలో విగ్రహాల కోసం తొలిచిన గూళ్లు, పాన్ దేవుడి గుహ, దాని పక్కనుంచి పారే ఊట. నువ్వు క్రీస్తువని పేతురు ఒప్పుకున్నది ఈ ప్రాంతంలోనే. సిలువ మాట రాగానే వద్దని అడ్డుపడి ‘సాతానా, నా వెనుకకు పొమ్ము’ అనిపించుకున్నదీ అప్పుడే. తన్ను తాను ఉపేక్షించుకోవాలన్న మాట ఆ వెంటనే వస్తుంది. మత్తయి 16లో 13 నుంచి 26 వరకు ఒక్క బిగిన చదవాలి, 19 దగ్గర ఆపేస్తే పేతురుకిస్తానన్న పరలోకరాజ్యపు తాళపుచెవులు దొరుకుతాయి గాని సిలువ దొరకదు.

యెరూషలేములో గెత్సేమనే ఒలీవలు ఎనిమిది. 2012లో వెలువడిన పరిశోధనలో మూడింటి మొద్దులు పన్నెండో శతాబ్దానివని తేలింది. పేతురు ఎరగనని బొంకిన చోటని చెప్పే గల్లికాంతు గుడి సీయోను కొండ వాలులో ఉంది. అది ఆదివారం మూసి ఉంటుంది, ఆ రోజు పెట్టుకోవద్దు. ప్రధాన యాజకుడు కయప ఇల్లు ఇదేనా అన్నదానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. గుడి పక్కన కిద్రోను వైపు దిగే పాత రాతిమెట్లు మాత్రం నిజంగా పాతవే. మోకాళ్ల నొప్పులున్నవారు పై నుంచే చూడటం మంచిది.

యేసు సిలువ మోసిన దారిగా చెప్పే సిలువ మార్గం సుమారు 600 మీటర్లు, 14 స్థలాలు, చివరి అయిదు పునరుత్థాన మందిరంలోనే. శుక్రవారం మధ్యాహ్నం ఫ్రాన్సిస్కన్ సన్యాసుల ఊరేగింపు ఉంటుంది, తోపులాట కూడా అంతే. మేం తెల్లవారి ఆరింటికే వెళ్లాం, కొట్లు తీయకముందే. చెక్క సిలువను గైడు ద్వారా ముందే చెప్పి తెప్పించుకోవచ్చు. నలుగురు చొప్పున మోస్తూ స్థలం స్థలానికీ మారాలి. పొడవైనవాళ్లనూ పొట్టివాళ్లనూ కలిపి నిలబెడితే బరువంతా పొడవైనవాళ్ల మీదే పడుతుంది. వాన పడితే ఆ రాళ్లు జారతాయి, నున్నటి అడుగు చెప్పులు వద్దు. అయిదో స్థలంలో కురేనీయుడైన సీమోను పేర చిన్న గుడి ఉంది. దాని గోడలో ఒక రాయి చేతులు ఆనించీ ఆనించీ గుంటపడి మెరుస్తోంది. సీమోను తనంతట తాను ముందుకు రాలేదు. పొలం నుంచి వస్తున్నవాణ్ణి పట్టుకుని యేసు సిలువను అతని భుజానికెత్తారు. కాపురంలో, ఉద్యోగంలో మీద పడే భారాలు ఎక్కువగా అలాంటివే, ఎంచుకున్నవి కావు.

చివరిగా తబ్గా. గలిలయ ఒడ్డున 1933లో నల్లరాతితో కట్టిన చిన్న గుడి, లోపల బల్లలాంటి బండ. యోహాను 18లో యాజకుడి లోగిట్లో చలిమంట, 21లో ఒడ్డున చేపలు కాల్చిన నిప్పులు. రెండు మంటల దగ్గరా ఉన్నది పేతురే. మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి యేసు మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగి, నీకిష్టంకాని చోటికి నిన్ను మోసుకుపోతారని కూడా చెప్పాడు. అందుకే ఇది గలిలయ రోజుల్లో గాక చివరి రోజే రావాలి. యెరూషలేము నుంచి బస్సుకు రెండున్నర గంటలు, అక్కడి నుంచి టెల్ అవీవ్ విమానాశ్రయానికి రెండు గంటలు. రాత్రి విమానమైతే వీలవుతుంది, భద్రతా ప్రశ్నల కోసం మూడు గంటలు ముందే చేరాలి. కిలోమీటర్లు పెరుగుతాయని టూర్ వాళ్లు గొణుగుతారు. ఆ అదనపు డీజిల్ ఖర్చును తలా కొంత వేసుకుంటామని మొదటే చెప్పేస్తే ఒప్పుకుంటారు.