ఎక్కుతుంటే 99, దిగుతుంటే 80

సాలూరు లారీ షెడ్లు దాటి ఘాట్ మొదలయ్యే చోట ఇంజన్ నీళ్ల వేడి చూపే హీట్ మీటరు ముల్లు 86 డిగ్రీల మీద నిలబడింది. అక్కడి నుంచి ఒడిశాలోని కోరాపుట్ చేరేసరికి సుమారు 750 మీటర్లు పైకి ఎక్కాలి. జనవరి కాబట్టి ఎండతో పెద్ద బాధ లేదు. ముందు నడిచే లారీలతోనే బాధ.

బండి పాత జీపు ఛాసిస్ మీద కట్టించిన కొత్త బాడీ. లోపల మారుతి జిప్సీ నుంచి దింపిన 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్ ఉంది, ఆ మార్పు ఆర్సీలో ఎక్కించాకే రోడ్డెక్కాం. ఇలా ముక్కలు ముక్కలుగా కూర్చిన బండిలో ఇంజన్ ఒక ఊరిది, రేడియేటర్ ఇంకో ఊరిది, ఫ్యాను మరో బండిది. ఏ కంపెనీ ఇంజనీరూ వాటిని ఒకదానికొకటి సరిచూసి ఉండడు. ఆ పని మనమే చెయ్యాలి.

మా రేడియేటర్ నెత్తి ఇంజన్ హెడ్ (సిలిండర్ల పైభాగం) కంటే రెండంగుళాలు కింద ఉంటుంది. మామూలుగా నీళ్లు పోస్తే గాలి హెడ్‌లోనే చిక్కుకుంటుంది, ఆ గాలి బుడగ దగ్గరే హెడ్ కాలిపోతుంది. అందుకని హెడర్ ట్యాంకును, అంటే నీళ్లు పోసే చిన్న తొట్టిని, అన్నిటికంటే ఎత్తుగా ఇంజన్ వెనక గోడ (ఫైర్‌వాల్) మీద బిగించాం. నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వు అంచుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అది సరిగ్గా పైకి వచ్చేలా కూర్చోబెట్టాం. బయల్దేరే ముందు రోజు ముందు చక్రాల కింద అడుగు ఎత్తు దిమ్మలు పెట్టి, హీటర్ ట్యాప్ తెరిచి, సన్నధారగా నింపాం. పై హోస్ ఒక్కసారిగా వేడెక్కితే వాల్వు తెరుచుకున్నట్టు. అప్పుడు హోసులు పిసికితే బుడగలు వచ్చేస్తాయి. ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోవడం మరిచిపోకండి. మా బండికి ఆరున్నర పట్టాలి. అయిదున్నరకే నిండితే మిగతా లీటరు గాలే.

అందులో 2.6 లీటర్లు కూలెంట్, 3.9 లీటర్లు డిస్టిల్డ్ వాటర్. కూలెంట్ ఎక్కువ పోస్తే ఇంకా చల్లబడుతుందనుకుంటారు గానీ, వేడిని మోయడంలో నీళ్లదే పైచెయ్యి. కూలెంట్ తుప్పు పట్టకుండా చూస్తుంది, మరిగే స్థాయిని పెంచుతుంది. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ డబ్బా కొంటే అందులో మళ్లీ నీళ్లు కలపకూడదు.

సుంకి దాకా రెండో గేరే. ముందున్న లారీ పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతోంది, దాని వెనక గాలి ఆడదు. 92 దగ్గర ఫ్యాను తిరగడం మొదలైంది, అయినా ముల్లు 95, 97, చివరికి 99 దాకా వెళ్లింది. ఇక్కడ మూడో గేరు వేసి ఇంజన్‌ని గింజుకునేలా చేస్తే ఇంకా చెడుతుంది. రెండో గేరులో ఇంజన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి పంపు నీళ్లను బాగా తిప్పుతుంది. ఇంజన్ వేడినీళ్లతోనే పనిచేసే హీటర్ పూర్తిగా తెరిచాం. ఓపెన్ జీపులో కాళ్లకు వెచ్చగా ఉండటం తప్ప నష్టమేం లేదు, నాలుగు డిగ్రీలు తగ్గింది. లారీని దాటి నలభై అందుకోగానే ముల్లు దానంతటదే 90కి దిగింది. అంటే లోపం నీళ్లలో లేదు, గాలిలో ఉంది.

గాలి విషయంలోనే సొంతంగా కట్టిన బండ్లు ఎక్కువగా దెబ్బతింటాయి. ఫ్యాను రేడియేటర్ వెనక ఉండి లాగాలి. దాని గూడు రేడియేటర్ మొత్తాన్ని కప్పాలి, లేకపోతే రెక్కల ముందున్న గుండ్రటి భాగమే చల్లబడుతుంది. రేడియేటర్ పక్కల సందులుంటే గాలి అటే జారుకుంటుంది, వాటిని ఫోమ్ పట్టీలతో మూశాం. బానెట్‌లో వేడి పోవడానికి చీలికలు అద్దం మొదట్లో పెట్టించేవాళ్లున్నారు. వేగం మీద గాలి ఒత్తిడి పోగయ్యేది అక్కడే, వేడి బయటికి పోకపోగా గాలి లోపలికి వస్తుంది. చీలికలు రేడియేటర్‌కి కాస్త వెనకే ఉండాలి. ఫ్యాను వైర్లు తారుమారైతే అది ముందుకు ఊదుతుంది. రేడియేటర్ జాలీ ముందు కాగితం పెట్టి చూస్తే తెలిసిపోతుంది, అంటుకోవాలి.

పొట్టంగి దగ్గర హెడ్‌లైట్లు వేయగానే ముల్లు చటుక్కున అయిదు డిగ్రీలు పైకి గెంతింది. నీళ్లు అంత వేగంగా వేడెక్కవు. అది మీటరు ఎర్తింగ్ లోపం. నీళ్ల వేడిని మీటరుకు చెప్పే ఒంటి వైరు సెన్సార్ మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా ఎర్త్ అందదు, అప్పుడు ముల్లు తక్కువ చూపిస్తుంది, అది ఇంకా ప్రమాదం. నీళ్లు సెన్సార్ కిందికి దిగిపోయినా అంతే, ముల్లు ప్రశాంతంగా పడుకుంటుంది, ఇంజన్ మాత్రం మాడుతుంటుంది.

ఆ రాత్రి సిమిలిగుడలో ఆగాం. ఇంజన్ ఆపే ముందు రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చాం. తెల్లారి బానెట్ ఎత్తితే పై హోస్ లోపలికి నొక్కుకుపోయి ఉంది. చల్లబడ్డప్పుడు నీళ్లు కుదించుకుపోతాయి, నీళ్లను ఒత్తిడిలో ఉంచే మూత, అంటే క్యాప్ మధ్యలోని చిన్న వాల్వు తెరుచుకుని పక్క సీసాలోంచి తిరిగి పీల్చుకోవాలి. మా క్యాప్‌లో అది బిగుసుకుపోయింది. వేడినీళ్లలో కడిగి, గోటితో కదిపి, తాత్కాలికంగా నడిపించాం. కోరాపుట్ ఎత్తులో మామూలు నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. 0.9 బార్ ఒత్తిడి నిలిపే క్యాప్ సరిగా బిగిసి ఉంటే 117 దాకా ఓపిక పడతాయి. నిన్నటి 99 దగ్గర కూలెంట్‌తో పాటు మమ్మల్ని కాపాడింది ఆ చిన్న మూతే.

కోరాపుట్ నుంచి జైపూర్ (ఒడిశాలోని జయపురం) దిగేటప్పుడు పొగమంచు, ఏడు డిగ్రీల చలి. కాలు యాక్సిలరేటర్ మీద లేదు, ఇంజన్‌కి పనే లేదు. ముల్లు 80 దగ్గర ఆగింది, అంతకు కిందికి పోలేదు. థర్మోస్టాట్ వాల్వు దాదాపు మూసుకుని నీళ్లను ఇంజన్ లోపలే తిప్పుతోంది. అదే తీసేసి ఉంటే యాభైకో అరవైకో పడిపోయేది. చల్లని ఇంజన్‌కి దాన్ని నడిపే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు పేరుకుంటుంది, దాన్ని చూసి హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పొర) పోయిందని ఇంజన్ విప్పించుకున్నవాళ్లూ ఉన్నారు.

జైపూర్‌లో క్యాప్ కోసం ఆగిన షెడ్డు మేస్త్రీ తెలుగాయనే. బానెట్ కింద చూసి నవ్వాడు. "ఏటి సార్, వాల్వు ఇంకా ఉంచీసేరా? తీసీండి, ఘాటీల్లో చల్లగ ఉంటాది."

"నిన్న 99 దగ్గర అది పూర్తిగా తెరుచుకునే ఉంది గురూగారూ, తీసినా పెద్దగా తగ్గేది కాదు" అన్నాం. ఆయన నమ్మలేదు. మా దగ్గరున్న స్పేర్ వాల్వుని దారం కట్టి పక్క టీ కొట్టు గిన్నెలో వేలాడదీసి థర్మామీటర్ ముంచాం. అడుగుకు తగలకూడదు, తగిలితే లెక్క తప్పుతుంది. 82 దగ్గర కదిలింది, 94కి ఎనిమిది మిల్లీమీటర్లు తెరుచుకుంది. మేస్త్రీ దాన్ని పట్టకారతో తీసి, చల్లారే దాకా చూస్తూ కూర్చున్నాడు. తరవాత డబ్బాలోంచి 0.9 అని చెక్కిన క్యాప్ వెతికి ఇచ్చాడు.