పెన్నకు ఇవతలే కంటైనరు ఆగిపోతే

2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి పెన్నలోకి దిగిన వరదకు కోవూరు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రోడ్డూ రైలూ ఒకేసారి ఆగాయి. ఒంగోలు, కావలి వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. తుపానో వరదో వస్తే పని ఆగకుండా వేసుకునే ప్లానులో ‘ఈ ట్రాన్స్‌పోర్టు వాళ్లు రాకపోతే వేరే వాళ్లు’ అని రాసుకుంటాం. చెన్నై హార్బరుకు పోయే లారీ ఎవరిదైనా పెన్న దాటాల్సిందే! ఇద్దరూ ఒకే వంతెన మీద ఆధారపడితే మీకున్నది ఒక్క దారే. విశాఖ నుంచి పంపాలంటే కంటైనరు బుకింగు, ఓడ తేదీలు ఎలా మారతాయో మీ ఏజెంటును అక్టోబరుకు ముందే అడిగి పెట్టుకోండి.

దారి సంగతి తేలాక గంటల లెక్క తీయాలి. ఏ పని ఎన్ని గంటలు ఆగితే నష్టం మొదలవుతుంది, ఎన్ని గంటలు దాటితే సరుకు దక్కదు? ఆపద వచ్చినా వ్యాపారం ఆగకుండా చూసుకోవడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22301 కూడా ఈ లెక్కే ముందు తేల్చమంటుంది. జీతాల పని రెండు రోజులు ఆగినా సర్దుకోవచ్చు. ఐసు అందకపోతే పీలింగ్ హాల్లో (పెంకు తీసే చోట) ఉన్న రొయ్య గంటల్లోనే పాడవుతుంది. కోల్డ్ స్టోరేజికి మాత్రం అంచనా చాలదు, కొలవాలి. గదిని మైనస్ 22 డిగ్రీలకు దించి, తలుపులు మూసి, కంప్రెసర్ ఆపండి. మైనస్ 18కి రావడానికి ఎంతసేపు పట్టిందో లాగర్‌లో (ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరంలో) చూడండి. నిండుగా ఉన్న గది చలిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, సగం ఖాళీ గది త్వరగా వేడెక్కుతుంది. అందుకే రెండుసార్లు కొలవాలి.

జనరేటర్ మొరాయిస్తే కారణం ఎక్కువగా బ్యాటరీయే. తర్వాత ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, మడ్డి. నెలకోసారి పది నిమిషాలు ఖాళీగా తిప్పి ‘బాగానే ఉంది’ అనుకోవడం మాకు నచ్చదు. అలా తిప్పితే ఇంజనులో మసి పేరుకుంటుంది తప్ప అది లోడు మోస్తుందో లేదో తెలియదు. ప్లాంటు లోడు మీదే గంటసేపు నడపండి. కంప్రెసర్ మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి వేస్తే జనరేటర్ ట్రిప్పవుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ప్యానెల్ మీదే రాసి అతికించండి.

జనరేటర్ ఒక యూనిట్ కరెంటుకు పావు లీటరు నుంచి 0.3 లీటరు డీజిల్ తాగుతుంది. గంటకు 100 యూనిట్ల లోడైతే మూడు రోజులకు 1,800 నుంచి 2,160 లీటర్లు కావాలి. ఒక్కో పాత్రలో 1,000 లీటర్లు మించకుండా మొత్తం 2,500 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. బ్యారెల్ నుంచి ట్యాంకులోకి తోడే చేతి పంపు మర్చిపోకండి. కరెంటు మోటారు మీదే ఆధారపడితే అవసరమైన రాత్రే అది పనిచేయదు.

ఈ పనులన్నీ వాతావరణ శాఖ హెచ్చరికలకు ముడిపెట్టండి, అప్పుడు ఎవరి ఊహకూ వదలక్కర్లేదు. తుపానుకు 72 గంటల ముందు తొలి సూచన వస్తుంది, ఆరోజే డీజిల్ నింపాలి, బ్యాటరీ చూడాలి. 48 గంటల ముందు అలర్ట్ వస్తే చెరువుల దగ్గర కొత్తగా రొయ్యలు కొనడం ఆపాలి. చాలామందికి కష్టంగా ఉండేది ఇదే, ఎందుకంటే తుపానుకు ముందు పట్టుబడి పెరిగి ధర దిగుతుంది, కొనాలనిపిస్తుంది. ఫ్రీజ్ చేసి నిల్వ పెట్టగలిగినంతకు మించి కొనకూడదని యజమాని ముందే సంతకం పెట్టి ఉంచితే పర్చేజ్ మేనేజరు ఆ సమయంలో నలగడు. 24 గంటల ముందు హాల్లో ఉన్నదంతా ఫ్రీజ్ చేసి, గదులు మైనస్ 22కు దించి, దూరపు ఊళ్ల పీలింగ్ ఆడవాళ్లను వెలుగుండగానే ఇళ్లకు చేర్చాలి.

ఫోన్ నంబర్లు కాగితం మీద ఉండాలి, టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే. సబ్‌స్టేషన్, లైన్‌మన్, జనరేటర్ మెకానిక్, ఐసు ప్లాంటు, జిల్లా కంట్రోల్ రూము 1077. ఒక కాపీ గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో, ఒకటి కంప్రెసర్ గదిలో.