రాంగ్ షో అన్నారు, ముక్కలు మాత్రం లెక్కపెట్టలేదు

సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా ఊళ్లో పెట్టిన రమ్మీ పోటీలో ఆడి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. పందెం లేదు, ఎంట్రీ ఫీజు లేదు, మొదటి బహుమతి మిక్సీ. పక్క తోటలో కోళ్ల మీద లక్షలు చేతులు మారుతుంటే మాది మహా మర్యాదైన పేకాట. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. ఈ మాట మా ఆవిడకి ప్రతి పండక్కీ చెబుతుంటాను.

పేరివ్వడం, చీటీ తీయడం, టేబుల్ దొరకడం అన్నీ చకచకా అయిపోయాయి. 201 పూల్, అంటే పాయింట్లు 201కి చేరినవాడు అవుట్. టేబుల్‌కి ఆరుగురం, రెండు కట్టలు, రెండు జోకర్లు. గొడవంతా భోజనాల తర్వాతే.

అప్పటికి నాకు 130 ఉంది. ముక్కలు బాగా పడ్డాయి. ఇస్పేటు ఎనిమిది, తొమ్మిది, పది జోకరు అక్కర్లేకుండానే కుదిరాయి. మిగతావీ కలవగానే షో పెట్టాను, అంటే నా ఆట అయిపోయిందని ముక్కలు తెరిచి చూపించాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి తన ముక్కలు తెరిస్తే అందులో రెండు ఇస్పేటు తొమ్మిదులు! రెండు కట్టల్లో ఏ ముక్కయినా రెండే కదా ఉంటుంది. “మూడోది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?” అన్నాడు, నన్నే చూస్తూ.

ఆయన దగ్గర రెండున్నాయి, నా దగ్గర ఒకటి. మూడోది నాదే ఎందుకైందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ముగ్గురు జడ్జీలొచ్చారు. పందిరికి చందా గట్టిగా ఇచ్చినవాళ్లు, అదే వాళ్ల అర్హత. ఒకాయన నేను ముక్క బోర్లా పెట్టి షో అన్నానా, షో అన్నాక పెట్టానా అని ఆరా తీశాడు. ఇంకొకాయన ఫోన్ తీసి ఏవో రూల్స్ చదవడం మొదలెట్టాడు. మూడో ఆయన హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతలాయన ఏం జరిగిందో పూర్తిగా వినకుండానే “రాంగ్ షో బావా, ఎనభై వేసెయ్” అన్నాడు. తప్పు షోకి పడే ఆ ఎనభై పాయింట్లూ వేసేశారు కూడా. 130తో కలిపి 210, నేను అవుట్.

పోనీ అక్కడితో ఆగారా? చొక్కా చేతులు పైకి మడవమన్నారు. జేబులు తిప్పి చూపించమన్నారు. బీపీ మాత్రల అట్ట, బండి తాళం, కిళ్లీ పొట్లం బల్ల మీద పెట్టాను. పండక్కొచ్చిన కొత్తల్లుడు వెనకే నిలబడి ఉన్నాడండీ! ఆ అబ్బాయి పాపం తల పక్కకి తిప్పుకున్నాడు.

“ముక్కలు కలపొద్దు, ఎక్కడివక్కడే ఉంచి లెక్కపెట్టండి” అని అరిచాను. “కళ్ల ముందు కనబడుతుంటే లెక్కెందుకు?” అన్నారు. చివరికి స్కోరు రాస్తున్న ఇంజినీరింగ్ కుర్రాడే కూర్చున్నాడు. ముందు ఆరుగురి చేతిలో ముక్కలూ లెక్క చూశాడు. అందరికీ పదమూడే, నేను షోకి పెట్టిన ముక్క విడిగా ఉంది. తర్వాత ఇస్పేట్లన్నీ ఒకవైపు, ఆఠీన్లన్నీ ఒకవైపు పేర్చుకుంటూ వచ్చాడు. ఆఠీను 26, డైమను 26, కళావరు 26, ఇస్పేటు 27. జోకర్లతో 107, ఉండాల్సింది 106.

నేను బయటి ముక్క తెచ్చి మార్చుకుని ఉంటే, ఒకటి పెరిగి ఒకటి తగ్గి మొత్తం 106 దగ్గరే ఉండాలి. అంటే ఎక్కువ ముక్క పంచకముందే కట్టలో ఉంది. ఆ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే పక్క టేబుల్ కట్టలూ లెక్కేశాడు. 105. ఇస్పేటు తొమ్మిది ఒక్కటే ఉంది. భోజనాలకి లేచేటప్పుడు రెండు టేబుళ్ల ముక్కలూ ఒకే ట్రేలో పడేశారట. అన్నీ ఒకే రకం కట్టలు, వెనక వైపు చూస్తే ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు.

నేను కాకినాడలో చదివే రోజుల్లో బ్రిడ్జి అనే పేకాట ఆడేవాణ్ణి, ఆడేవాణ్ణంటే బాగానే ఆడేవాణ్ణి. ఆ ఆట పోటీల నియమావళిలో 7వ నియమం ప్రకారం, ముక్కల ముఖం చూడకముందే ఎవరివి వాళ్లు బోర్లా పెట్టి పదమూడూ ఉన్నాయా అని లెక్కపెట్టుకోవాలి. తేడా వచ్చిందని ఎవరన్నా అంటే వెంటనే పోటీ నడిపే డైరెక్టర్ని పిలవాలి, ఆయన చెప్పేదాకా ఎవరూ ఏమీ చేయకూడదు, అది 9వ నియమం. ప్రపంచమంతా ఆడే ఆటలో అంతంత ఆటగాళ్లకే లెక్కపెట్టుకోమని రాసి పెట్టారు. మా పందిట్లో ముగ్గురికి అది నామోషీ అయింది.

జడ్జీగా కూర్చునేవాళ్లు రూలు వెతికేముందు కట్ట సరిగ్గా ఉందా, అందరి చేతిలో ముక్కలూ సరిపోయాయా చూడండి. ఆట చూడనివాడి తీర్పు ఫోన్లో తీసుకోకండి, వాడు ఎంత ఆటగాడైనా సరే. ఆడేవాళ్లకి ఒకటే చెబుతా. తగువు మొదలైతే కోపంలో మీ ముక్కలు గుట్టలో విసరకండి. నేను విసిరుంటే ఎవరి చేతిలో ఎన్ని ఉన్నాయో తేలేది కాదు, ఈపాటికి ఊరంతా నాకో పేరు పెట్టేది.

80 కొట్టేశారు, ఆట రద్దు చేసి మళ్లీ పంచారు. ఆ టేబుల్ నేనే గెలిచాను, ఫైనల్లో పోయాను. సారీ మాత్రం ఒక్కరూ చెప్పలేదు. “సర్లేండి, పండగపూట మనలో మనకేంటి” అన్నారు. ముక్కనుమ రోజు ఆ ముగ్గురిలో ఒకాయన ఇంటికొచ్చి, వచ్చే ఏడు మీరే జడ్జీగా ఉండాలండీ అన్నాడు. ఉంటాను గానీ చందా ఇవ్వనని చెప్పేశాను.