ఫ్లోరిడా టాంపా బేలో మా పడవ: స్లిప్ నుంచి డ్రై ర్యాక్‌కి

మార్చి

మాది 21 అడుగుల సెంటర్ కన్సోల్ (స్టీరింగ్ మధ్యలో ఉండే పడవ), వెనక బయటికి తగిలించిన 150 హెచ్‌పీ యమహా ఔట్‌బోర్డ్ ఇంజిన్. ఇన్నాళ్లూ మెరీనా (పడవలు నిలిపే రేవు) స్లిప్‌లో, అంటే ఒక్కో పడవకి ఇచ్చే చోటులో, నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లం. ఇంటి ముందు ట్రైలర్ మీద పెడదామంటే హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల సంఘం) ఒప్పుకోదు. అడుగున నాచు పట్టకుండా వేసే పెయింట్ మళ్లీ వేయించే టైమొచ్చింది. కొటేషన్ చూసి మా ఆవిడ, "అసలు నీళ్లలో ఉంచకపోతే ఈ పెయింటే అక్కర్లేదు కదా" అంది. పాత పెయింట్ గీకించేసి ర్యాక్‌కి మారిపోయాం.

ర్యాక్ అంటే గట్టు మీద పెద్ద షెడ్డు, లోపల అంతస్తులుగా ఇనుప చట్రాలు, ఒక్కో అరలో ఒక్కో పడవ. ముందు ఫోన్ చేసి టైమ్ చెబితే ఫోర్క్‌లిఫ్ట్‌తో దించుతారు. గోడౌన్లలో తిరిగే ఫోర్క్‌లిఫ్ట్ కాదిది. దీని ఫోర్కులు గట్టు అంచు దాటి, నేలమట్టం కన్నా కిందికి, నీళ్లలోకి దిగుతాయి. పడవ తేలగానే వెనక్కి వచ్చేస్తాయి.

అద్దె అడుగుల లెక్కన. కంపెనీ కాగితాల్లో 21 అడుగులున్నా, వీళ్లు ముక్కు కొస నుంచి ఇంజిన్ వెనక దాకా టేపు పెట్టి కొలుస్తారు. సంతకానికి ముందే మీరూ కొలుచుకోండి. టీ-టాప్ (స్టీరింగ్ పైన ఉండే నీడ కప్పు) ఎత్తు కూడా చూసుకోవాలి, ఏ అరలో పడుతుందో దాన్నిబట్టే తేలుతుంది.

ఏప్రిల్

ఇక్కడి వెచ్చటి ఉప్పునీళ్లలో పెయింట్ లేని అడుగుకి కొన్ని వారాల్లోనే నాచు, ఆ మీద బార్నకిల్స్ (గట్టిగా అతుక్కునే గుల్ల జీవులు) పట్టేస్తాయి. స్పీడు తగ్గుతుంది, పెట్రోలు తాగుతుంది. ర్యాక్‌లో ఆ గొడవే లేదు. ఉప్పునీళ్లలో ఇంజిన్ లోహం బదులు తాము అరిగిపోయే జింక్ యానోడ్ల అరుగుదల కూడా బాగా తగ్గింది. స్లిప్‌లో పక్క పడవల కరెంటు లీకేజీకి కూడా మన జింకులే బలయ్యేవి.

భీమిలి వైపు తెప్పలవాళ్లు వేట నుంచి రాగానే దుంగలు విప్పి ఇసుకలో ఆరబెట్టేవారు, నీళ్లు పీల్చి బరువెక్కకుండా. ఫైబర్‌గ్లాస్‌కీ నీళ్లు పీల్చే రోగం ఉంది. ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉంటే పైపూత (జెల్‌కోట్) కింద బొబ్బలు లేస్తాయి.

తిరిగొచ్చాక పని ఇది: పడవని కడిగే స్టాండు మీద పెడతారు. ఇంజిన్ లోపలి ఉప్పు కడిగే ఫ్లష్ పోర్టుకి గొట్టం తగిలించి పావుగంట మంచినీళ్లు పోనిస్తాను. మా యమహాకి ఇంజిన్ ఆఫ్‌లో ఉంచే చేయాలి. మీ కంపెనీ ఏం చెబుతుందో మాన్యువల్ చూసుకోండి. తర్వాత వెనక డ్రెయిన్ ప్లగ్ తీస్తాను. అందులోంచి కారే నీళ్లని ఊరికే వదిలెయ్యకండి. పైన ఇంద్రధనస్సు రంగులు తేలితే పెట్రోలో ఆయిలో ఎక్కడో కారుతున్నట్టు. రోజూ కన్నా ఎక్కువ నీళ్లొస్తే ఏ అతుకు వదిలిందో వెతకాల్సిందే. ప్లగ్ మళ్లీ పెట్టే బాధ్యత ఎవరిదో మెరీనా వాళ్లని మొదటిరోజే అడిగి తేల్చుకోండి. మా దగ్గర ఓనర్‌దే. నీళ్లలోకి దించే ముందు ఫోర్క్‌లిఫ్ట్ ఆపి, పెట్టావా అని అడుగుతారు.

హల్ (పడవ ఒళ్లు) పక్కన టేపు ముక్కలు అంటించాను, ఫోర్కులు ఎక్కడ ఆనాలో డ్రైవర్‌కి తెలియడానికి. అడుగున చేపల్ని పసిగట్టే ఫిష్ ఫైండర్ సెన్సర్ (ట్రాన్స్‌డ్యూసర్) ఉన్నవాళ్లకి ఇది తప్పనిసరి.

జూన్

నాకు అన్నిటికంటే కలిసొచ్చింది వాన విషయం. వేసవిలో ఇక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములు, కుండపోత. స్లిప్‌లో ఉన్నప్పుడు ఆఫీసులో కూర్చుని రాడార్ చూస్తూ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంప్ ఆడుతోందా, బ్యాటరీ ఉందా అని టెన్షన్. ఇప్పుడు ప్లగ్ తీసేసిన పడవ షెడ్డులో ఉంటుంది.

తుపాన్లకి మాత్రం ఇది పూర్తి హామీ కాదు. సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. 2024లో సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుపాను ఉప్పెన, రెండు వారాలకే అక్టోబర్ 9న మిల్టన్. కట్టిన పడవలు ఎన్ని రోడ్ల మీదా, మడ చెట్లలోనూ తేలాయో ఇక్కడివాళ్లకి గుర్తే. ఉప్పెన వస్తే కింది వరసకి ముప్పు, గాలి వస్తే షెడ్డుకే ముప్పు. షెడ్డు ఎంత గాలికి కట్టారో అడగండి, కాంట్రాక్టులో తుపాను క్లాజు చదవండి, ఇన్సూరెన్స్‌లో పేరు పెట్టిన తుపానుకి విడిగా డిడక్టిబుల్ (నష్టంలో మన జేబులోంచి పెట్టుకునే మొత్తం) ఉందేమో చూడండి.

జూలై

ఇబ్బందులూ చెప్పాలి. జూలై 4 వారాంతంలో క్యూ చూస్తే పండగ పూట ఆర్టీసీ కాంప్లెక్సే. దగ్గర్లో పిడుగులుంటే ఫోర్క్‌లిఫ్ట్ ఆపేస్తారు. ఒడ్డుకొచ్చి కూడా డాక్‌కి కట్టుకుని కూర్చోవాలి. తెల్లవారుజామున ఎగ్మాంట్ కీ దీవి వైపు చేపలకి వెళ్లాలంటే ముందురోజు సాయంత్రమే దింపించుకోవాలి. రాత్రి పడవలో పడుకునేవాళ్లకి, వారం మధ్యలో దాన్ని విప్పి రిపేర్లు చేసుకునేవాళ్లకి స్లిప్పే మేలు. మాలాగా శనివారం తిరిగొచ్చి ఇంటికి పోయేవాళ్లకి ర్యాక్ చాలు.

అరలో కరెంటు ప్లగ్ లేదు, కాబట్టి బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి దిగుతున్నాను. పెట్రోలు ఇథనాల్ లేని 90 ఆక్టేన్‌కి మార్చాను, నెలలో ఎక్కువ రోజులు కదలని ఇంజిన్‌కి అదే నయం.

మాది ఇప్పుడు కింది వరస. సెప్టెంబర్ లోపు రెండో వరసలో ఒక అర ఖాళీ అవుతుందన్నారు, పేరు రాయించాను.