ఉష్ణకవచపు పలకను ఎత్తిన రోజు

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు సెరామిక్స్ ప్రయోగశాలలో ఫర్నేసులు చూసుకునే ఉద్యోగంలో చేరిన కొత్తలో, తిరుగు ప్రయాణపు వేడి లోపలికి తగలకుండా స్పేస్ షటిల్ పొట్టకు అతికించే నల్లని పలక ఒకటి మా ప్రొఫెసరుగారు నా బల్ల మీద పెట్టారు. షటిళ్ల యాత్రలు ముగింపుకు వచ్చినప్పుడు నాసా తన దగ్గర మిగిలిన పలకలను విద్యాసంస్థలకు ఇచ్చింది. ఇది అలా వచ్చినదే. ఇటుకంత బరువుంటుందని బిగించి ఎత్తబోతే చేయి అమాంతం పైకి లేచిపోయింది. అందులో దాదాపు 90 శాతం గాలే, మిగిలినది అతి శుద్ధమైన సిలికా పోగులు.

ఆయన పైనుండే నల్లని గాజు పూత లేని చిన్న ముక్కను 1200 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, పట్టకారుతో బయటికి తీసి, కొద్ది క్షణాలాగి, దాని మూలలను ఉత్తి వేళ్లతో పట్టుకుని నన్నూ పట్టుకోమన్నారు. నడుమ ఇంకా నారింజ రంగులో వెలుగుతున్న ఆ ముక్క నా వేళ్లను కాల్చలేదు. అంచులు క్షణాల్లో చల్లారతాయి. లోపలి వేడి మాత్రం ఆ పోగుల గుండా వేళ్ల దాకా పాకి రావడానికి చాలాసేపు పడుతుంది.

అయితే ఆ రోజు నుంచి నా మనసులో నిలిచిపోయినది దాని సున్నితత్వం. 1260 డిగ్రీలను ఓర్చుకునే ఈ పదార్థం మీద, పూత లేని చోట, గోటితో గీసినా గీత పడుతుంది. షటిల్ అల్యూమినియం ఒళ్లు వేడికి సాగుతుంది, వంగుతుంది. పలక అలా వంగలేక పగులుతుంది కనుక రెంటికీ నడుమ నోమెక్స్ అనే, వేడిని తట్టుకునే పోగులతో చేసిన ఫెల్టు మెత్త పెట్టి సిలికోన్ జిగురుతో అతికించేవారు, పలకకూ పలకకూ మధ్య సన్నని సందు వదిలేవారు. ఒక్కో షటిల్‌కు దాదాపు 24,000 పలకలు, ఒక్కొక్కదానికీ తనదైన నంబరు. నీరు పీల్చకుండా కాపాడే రసాయనం తిరుగు ప్రయాణపు వేడికి కాలిపోయేది కనుక, ప్రతి యాత్ర తర్వాతా పనివారు ఒక్కో పలకలోకీ దాన్ని మళ్లీ ఎక్కించేవారు.

ఇక్కడి మనవాళ్లలో మాట వస్తే, "కల్పనా చావ్లా వెళ్లిన నౌకకు పలక ఊడిపోయిందట కదండీ" అంటారు. అది నిజం కాదు. 2003లో కొలంబియా ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క, ఎడమ రెక్క ముందు అంచునున్న కార్బన్ ఫలకాన్ని బద్దలు కొట్టింది; అది ఈ సిలికా పలకల్లాంటిది కాదు, వేరే భాగం. అంత ఓపికగా పలకలు అతికించిన చేతుల మీద ఆ నింద పడటం నాకు బాధ కలిగిస్తుంది. ప్రతిసారీ ఆగి సరిదిద్దుతాను.

అంతరిక్ష పరిజ్ఞానం విదేశీయుల చేతికి వెళ్లకుండా చూసే ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల, నాలాగా పని వీసా మీద ఉన్నవారికి అమెరికా అంతరిక్ష నౌకల పనిలో చోటు దొరకడం చాలా అరుదు. నాకు అందినది ఈ ఒక్క పలకే. కొత్త విద్యార్థులకు ఇచ్చే ముందు చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకోమంటాను; పూత పోయిన అంచుకు వేలు ఆనించకుండా, కింద రెండు చేతులూ పెట్టి ఎత్తమంటాను.